వైకింగ్ దుస్తులు, పలకల నేత: ఏ గుడ్డ, ఏ నూలు, ఏ మగ్గం?

డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో ఎండాకాలం వస్తే వైకింగ్ సంతల సీజన్ మొదలవుతుంది. వెయ్యేళ్ళ కిందట ఆ ప్రాంతంలో బతికిన వైకింగుల్లా జనం బట్టలు తొడుక్కుని కలుసుకునే సంతలివి. ఆర్హుస్ పక్కనున్న మోస్గోర్‌లో, రీబె దగ్గరి వైకింగ్ సెంటర్‌లో, దక్షిణ స్వీడన్‌లోని ఫోటెవికెన్‌లో గుడారాలు లేస్తాయి. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో అయితే చలి తగ్గకముందే, ఫిబ్రవరిలోనే జార్విక్ పండగ. ఉద్యోగాలకో చదువులకో ఆ దేశాలకు వెళ్ళిన మనవాళ్ళు మొదటి ఏడాది ఫొటోలు దిగి వస్తారు. మరుసటి ఏడాదికి "మనమూ ఒక జత కుట్టుకుంటే పోలా" అన్న మాట వస్తుంది. కొందరికి బట్టల కంటే వాటి అంచునున్న రంగురంగుల పట్టీ మీద మనసు పడుతుంది. నాలుగు మూలలా చిల్లులున్న చిన్న చదరపు పలకలను తిప్పుతూ నేసే పట్టీ అది. ట్యాబ్లెట్ వీవింగ్ అంటారు, ఇక్కడ పలకల నేత అనుకుందాం.

ఆ ఉత్సాహంలో నెట్‌లో వెతికితే దిమ్మ తిరుగుతుంది. ఉన్ని కొనాలా, లినెన్ కొనాలా? మెషిన్ మీద కుట్టొచ్చా? పట్టీ కొనడమా, నేయడమా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వైకింగుల బట్టల కోత చాలా సాదా. డబ్బు, పనితనం, డాబు అన్నీ బొటనవేలంత వెడల్పు కూడా లేని పట్టీలో పెట్టారు. ఇప్పుడు సంతల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తలకిందులు: మూడు వేళ్ళ వెడల్పున లావుపాటి పట్టీ, అదీ మెడకు, చేతులకు, కింది అంచుకు అంతటా. అందుకే ఏ రెండింటి మధ్య ఎంపిక వచ్చినా నేను సన్నదాని వైపు, సాదాదాని వైపు మొగ్గుతాను.

అసలు దొరికిందేమిటి

స్వీడన్‌లో మాలరెన్ సరస్సు మధ్య బ్యోర్కో అనే దీవి ఉంది. వైకింగుల కాలంలో బిర్కా అనే వ్యాపార పట్నం దాని మీదే ఉండేది. 19వ శతాబ్దం చివర్లో యాల్మర్ స్టోల్పె అక్కడ సుమారు 1,100 సమాధులు తవ్వించాడు. వాటిలో దొరికిన గుడ్డ ముక్కల మీద ఆగ్నెస్ గైయెర్ రాసిన పరిశోధన 1938లో అచ్చయింది. పలకల నేత గురించి మాట్లాడేవాళ్ళందరూ ఇప్పటికీ తిరిగి తిరిగి అక్కడికే వస్తారు. పట్టు పోగుల మీద వెండి తీగతో బొమ్మలు తేల్చిన సన్నటి పట్టీలవి. చాలావాటి వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మట్టిలో గుడ్డ నిలవదు. ఆడవాళ్ళ భుజాల దగ్గర పెట్టుకున్న పెద్ద కంచు బ్రూచ్‌ల తుప్పు పట్టి ఉన్నచోట మాత్రం, ఆ లోహపు లవణాల వల్ల, బొటనవేలి గోరంత ముక్కలు మిగిలాయి. అంటే బ్రూచ్ కింద ఏముందో బాగా తెలుసు, మోకాలి దగ్గర ఏముందో ఊహ. కాబట్టి "నూటికి నూరు శాతం అసలైన వైకింగ్ డ్రెస్ ప్యాటర్న్" అని ఎవరైనా అమ్ముతుంటే ఆ డబ్బు గుడ్డకు పెట్టుకోండి.

నార్వేలో టోన్స్‌బర్గ్ దగ్గర 1904లో తవ్విన ఊసెబర్గ్ ఓడ సమాధి దీనికి మంచి జోడీ. క్రీ.శ. 834లో ఇద్దరు ఆడవాళ్ళను ఓడతో సహా అక్కడ పూడ్చారు. వాళ్ళ సామానులో 52 పలకలు, పోగులు ఎక్కించి సగం నేసిన పట్టీతో సహా దొరికాయి. ప్లేయింగ్ కార్డుల కట్టలోనూ ముక్కలు 52 కావడం కాకతాళీయమే, కానీ ఆ కట్టతో మనకు కాస్త ముందుకెళ్ళాక పని పడుతుంది.

ఎవరి ముందు వేసుకుంటారు

ఎంపికలు సగం దీన్నిబట్టే తేలిపోతాయి. ఆఫీసు పార్టీకో పిల్లల స్కూల్ ఫంక్షన్‌కో అయితే ఇంట్లో ఉన్న లినెన్ లాల్చీకి తోలు బెల్టు పెట్టుకుంటే సరిపోతుంది, ఇంత చదవక్కర్లేదు. కొమ్ముల టోపీ మాత్రం వద్దు. వైకింగులు అలాంటిది పెట్టుకున్నట్టు ఆధారమే లేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలకు తయారుచేసిన వేషాలతో అది జనంలోకి వెళ్ళింది.

సంతకు వెళ్ళి గుడారాల మధ్య తిరగడానికైతే రెండు బారల దూరం నుంచి చూసినప్పుడు సరిగ్గా ఉండాలి. అక్కడ గుడ్డ రకం, రంగు, కోత ముఖ్యం, లోపలి కుట్లు ఎవరూ చూడరు. మ్యూజియంలో వాలంటీరుగా చేరాలన్నా, వేషం ఆ కాలానిదే కావాలని పట్టుగా ఉండే బృందంతో గుడారం వేయాలన్నా కథ వేరు. వాళ్ళు చేతి అంచు తిరగేసి చూస్తారు, ఇది ఏ తవ్వకం నుంచి తీసుకున్నారని అడుగుతారు. ఇలాంటి బృందంలో చేరే ఉద్దేశం ఉంటే గుడ్డ కొనకముందే వాళ్ళ నియమాలు అడిగి తెలుసుకోండి, లేకపోతే రెండుసార్లు కొనాల్సి వస్తుంది. ఇది చదివేవాళ్ళలో ఎక్కువమంది సంతకు వెళ్ళే రకమే అయ్యుంటారు. మిగతాదంతా వాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

అంగీ ముందా, ఏప్రన్ డ్రెస్ ముందా

మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా ముందు కుట్టాల్సింది అంగీయే. ముందూ వెనకా దీర్ఘచతురస్రాలు, రెండు చేతులు, చంకల్లో చదరపు ముక్కలు, పక్కల్లో కింద ఘేరు రావడానికి కలీలు (మూడు మూలల ముక్కలు). దాదాపు అన్నీ తిన్నని కోతలే కాబట్టి గుడ్డ వృథా కాదు. పాతకాలపు లాల్చీ కుట్టిన టైలర్‌కి బొమ్మ చూపిస్తే చాలు, చంక ముక్క ఎందుకో ఆయనే మీకు చెబుతాడు. 150 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డ రెండున్నర నుంచి మూడు మీటర్లు ఉంటే మామూలు ఒంటికి సరిపోతుంది. మగవాళ్ళకు మోకాళ్ళ దాకా. ఆడవాళ్ళకు అదే కోత చీలమండల దాకా దించితే లోపలి గౌను అవుతుంది.

ఏప్రన్ డ్రెస్ అందంగా ఉంటుంది. గౌను మీద ఉన్నితో ఒక గొట్టంలాంటి ఉడుపు, భుజాల మీంచి పట్టీలు, వాటిని పట్టి ఉంచే రెండు గుడ్డు ఆకారపు బ్రూచ్‌లు, మధ్య పూసల దండ. కుట్టు పని తక్కువే, ఖర్చంతా బ్రూచ్‌ల దగ్గర. చవకరకం బ్రూచ్‌లు పల్చటి రేకుతో చేసినవి, ఉన్ని బరువుకు పిన్ను వంగిపోతుంది. మంచివి కొనేదాకా ఏప్రన్ డ్రెస్ వాయిదా వేసి, గౌను మీద నడుం బెల్టు కట్టుకుని మొదటి సీజన్ గడిపేయమంటాను. మరో మాట: పదో శతాబ్దం దాటి క్రైస్తవం స్థిరపడేసరికి ఈ బ్రూచ్‌లు వాడుకలోంచి పోయాయి. పదకొండో శతాబ్దపు వేషం అనుకుంటే అవి అక్కర్లేదు కూడా.

ప్యాంటు సంగతి మొదట్లో పట్టించుకోకండి. ముదురురంగు సాదా ఉన్ని ప్యాంటు మీద మోకాలి కింద నుంచి ఉన్ని పట్టీలు చుట్టేస్తే చూపు అక్కడితో ఆగిపోతుంది.

ఉన్ని, లినెన్, నూలు

పై బట్టకు ఉన్ని, ఒంటికి తగిలేదానికి లినెన్. అది వాళ్ళ పద్ధతి, ఆ వాతావరణానికి ఇప్పటికీ సరైనదే. డెన్మార్క్‌లో జులైలోనూ వాన పడుతుంది, తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది నిప్పు. సంతలో వంటంతా నెగళ్ళ మీదే. నిప్పురవ్వ పడితే ఉన్ని మాడి ఆరిపోతుంది, పాలిస్టర్ కలిసిన గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది. పిల్లల బట్టల విషయంలో ఇదొక్కటి చాలు, మిశ్రమ గుడ్డలు పక్కన పెట్టేయడానికి.

ఉన్నిలో సాదా నేత, ట్విల్ రెండూ దొరికాయి. ట్విల్ అంటే జీన్స్ మీద కనిపించే ఏటవాలు గీతల నేత. ఈ రెండింట్లో ట్విల్ కొనండి. సాదా ఉన్ని ఒంటి మీద బిగుసుకుని నిలబడుతుంది, ట్విల్ చక్కగా జారుతుంది, కలీల ఘేరు అప్పుడే తెలుస్తుంది. సన్నటి వజ్రాల డిజైన్ ఉన్న ట్విల్ బిర్కాలో ధనవంతుల గుడ్డ. ఇప్పుడూ ధనవంతుల గుడ్డే.

హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని కుట్టుకునేవాళ్ళకి ఉన్ని మాట ఎత్తడం అన్యాయం. లినెన్ అంగీ ఒక్కటీ కుట్టుకుంటే చాలు. లినెన్ కూడా ఖరీదే అనిపిస్తే గంజి పెట్టని, తెల్లగా బ్లీచ్ చేయని ఖాదీ దూరం నుంచి దాని పోలికలోనే ఉంటుంది. అయితే అది పత్తి. వైకింగుల ఊళ్ళలో పత్తి గుడ్డ లేదు, పట్టుగా ఉండే బృందాలు ఒప్పుకోవు. ఏ గుడ్డ కొన్నా ముందు పాత బెడ్‌షీట్ మీద ఒకసారి కోసి తొడుక్కుని చూడండి. చంక ముక్క ఎంత ఉండాలో కాగితం మీద లెక్కతో తేలదు, చెయ్యి పైకెత్తి చూస్తేనే తెలుస్తుంది.

పైన కప్పుకునే శాలువాకు మన దగ్గర మంచి సరుకే ఉంది. తెలంగాణలో దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి బరువుగా, గరుకుగా, రంగు వేయని సహజమైన నలుపులో ఉంటుంది. వైకింగుల శాలువా కూడా కుట్టు లేని దీర్ఘచతురస్రమే, కుడి భుజం దగ్గర పిన్నుతో బిగించేవారు. నేత తీరు వేరు, దగ్గర్నుంచి చూస్తే తెలిసినవాళ్ళు పట్టేస్తారు. అయినా ఆన్‌లైన్‌లో వైకింగ్ క్లోక్ పేరుతో అమ్మే బొచ్చు అతికించిన యాక్రిలిక్ కంటే గొంగడి వెయ్యి రెట్లు నయం. ఊరి నుంచి వచ్చేవాళ్ళతో ఒకటి తెప్పించుకోండి.

మెషిన్ కుట్టు, చేతికుట్టు

బయటికి కనిపించేదంతా చేత్తో, లోపల ఉండిపోయే పొడుగు కుట్లు మెషిన్ మీద. సంతలో తిరగడానికి ఇంతకంటే అక్కర్లేదు. మెడ, చేతి అంచులు, కింది మడత హెమ్మింగ్ చేసుకుంటే చాలు, మెషిన్ కుట్టు గీత ఎక్కడా కనిపించదు. చేతికుట్టుకు వాళ్ళు వాడిందీ మన ఇళ్ళల్లో అమ్మమ్మలకు వచ్చిన రకాలే: రన్నింగ్ స్టిచ్, హెమ్మింగ్, పోగులు ఊడకుండా అంచు మీంచి వేసే చుట్టు కుట్టు. లినెన్‌కు లినెన్ దారం. దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగి కుడితే చిక్కులు పడదు.

పట్టీ: కొనడం, నేయడం, లేదా కోయడం

కొనడంలో రెండు రకాలున్నాయి. చేత్తో నేసినది మీటరు లెక్కన సంతల్లో అమ్ముతారు, ధర చూసి గుండె ఆగుతుంది. కానీ కొత్తవాళ్ళు గంటకు జానెడు నేస్తే గొప్ప అని తెలిశాక ఆ ధరలో అన్యాయం కనిపించదు. రెండోది బట్టల షాపుల్లో దొరికే జాకార్డ్ లేసు, వైకింగ్ డిజైన్ అని ముద్ర వేసినది. అది వద్దు. దాన్ని కుట్టడం కంటే మెడ బోసిగా వదిలేయడం మేలు, ఆ కాలంలోనూ ఎక్కువమంది బట్టలు బోసిగానే ఉండేవి.

చాలామంది ఆలోచించని మూడో దారి ఉంది. ఊసెబర్గ్‌లో దొరికిన పట్టు గుడ్డల్లో ఎక్కువ భాగం సన్నటి పేలికలుగా కోసి బట్టలకు అంచుగా కుట్టినవే. తూర్పు దేశాల నుంచి వచ్చిన ఖరీదైన పట్టును వాళ్ళు అంగుళాల లెక్కన వాడుకున్నారు. మన ఇళ్ళల్లో చిరిగిన పట్టుచీరలకు కొదవ లేదు. జరీ అంచు ముట్టుకోకుండా, నెమళ్ళూ గోపురాలూ లేని సాదా ఒడలు నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు పేలిక కోసి, రెండు వైపులా మడిచి మెడ చుట్టూ హెమ్మింగ్ చేయండి. అప్పటి పట్టు నేత ఇంకా మందం, ఇంకా చిక్కన. కానీ పద్ధతి మాత్రం అచ్చం వాళ్ళదే, ఖర్చు సున్నా. పలకల నేత వచ్చేదాకా మొదటి అంగీకి ఇదే చేయండి.

ఇక నేయడానికే సిద్ధపడ్డవాళ్ళకి: మెడకు 70 సెంటీమీటర్లు, రెండు చేతులకూ కలిపి 60 సెంటీమీటర్లు. కింది అంచు వదిలేయండి. దానికే రెండు మీటర్ల పైన కావాలి, పైగా పట్టీలు ఎక్కువగా దొరికింది ఛాతీ, తల, చేతుల దగ్గరే. డెన్మార్క్‌లోని మామెన్ సమాధి, అంటే 970-71 చలికాలం నాటిది, అందులో పట్టుతో, బంగారు దారంతో పలకల మీద నేసిన చేతి అంచులు దొరికాయి. కొత్తవాళ్ళ మొదటి పట్టీకి మణికట్టే సరైన చోటు. పొట్టిగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది, అన్నం తినేటప్పుడు ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది.

పలకలు

ఇక్కడ పెద్దగా ఆలోచించేదేమీ లేదు. పాత ప్లేయింగ్ కార్డుల కట్ట తీసుకుని ఆరు సెంటీమీటర్లకు ఒక ముక్క చొప్పున చదరంగా కోసి, నాలుగు మూలలా పంచింగ్ మెషిన్‌తో చిల్లులు వేసి, మూలలు కాస్త గుండ్రంగా కత్తిరించండి. చిల్లుల పక్కన 1, 2, 3, 4 అని రాసుకోండి. పైన నున్నటి పూత ఉండటం వల్ల అవి బాగా జారతాయి. చెక్క పలకలు అందంగా ఉంటాయి కానీ మందం. ఇరవై ముప్పై కలిపి పట్టుకుంటే చేతిలో ఇమడవు. అవి ప్రదర్శనలో కూర్చుని నేసేవాళ్ళకు.

నడుము, టేబుల్, ఇంకిల్ మగ్గం

పలక ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ ఎంపిక సులువు. చిల్లుకో పోగు, పలకకు నాలుగు. పై రెండు చిల్లుల పోగులు ఒక వరస, కింది రెండింటివి ఒక వరస, మధ్యలో సందు. ఆ సందులోంచి పేక (అడ్డపోగు) దాటించి, పలకలన్నిటినీ కలిపి పావు చుట్టు తిప్పితే పైనున్న ఒక పోగు కిందికి దిగుతుంది, కిందున్న ఒకటి పైకి వస్తుంది. కొత్త సందులో చెక్క బద్ద పెట్టి ముందు దాటించిన పేకను గట్టిగా దగ్గరకు కొట్టాలి. మళ్ళీ పేక, మళ్ళీ పావు చుట్టు. అలా ప్రతి పలకలోని నాలుగు పోగులూ పురి తిరిగి సన్నటి తాడవుతాయి, పేక ఆ తాళ్ళన్నిటినీ పక్కపక్కన పట్టి ఉంచుతుంది. పైకి కనిపించేదంతా పడుగే (పలకల్లో ఎక్కించిన నిలువు పోగులే), పేక రెండు అంచుల దగ్గర మాత్రం చుక్కలా తొంగిచూస్తుంది. అందుకే పేకకు అంచు పలకల రంగే వాడతారు. చీరల మగ్గం తెలిసినవాళ్ళకు ఇక్కడ పన్నె (పోగులను ఎడంగా పట్టి ఉంచే దువ్వెనలాంటిది) లేకపోవడం మొదట్లో ఇబ్బంది పెడుతుంది. పట్టీ వెడల్పు ఒకే తీరుగా ఉంచాల్సింది మీ వేళ్ళే.

చిక్కు ఎక్కడంటే, ఒకే వైపు తిప్పుతూ పోతే ఇటు నేసిన భాగంలో ఎంత పురి ఎక్కుతుందో అటు నేయని పడుగులోనూ అంతే పురి ఎదురు దిశలో పేరుకుంటుంది. కొంతసేపటికి పలకలు తిరగనని మొండికేస్తాయి. ఇప్పుడు మగ్గాలు చూడండి.

ఇంకిల్ మగ్గం చిన్నది, మేకులున్న చెక్క చట్రం. ఇది ఆధునికమైనది, అయినా సోఫాలో ఒళ్ళో పెట్టుకుని నేయొచ్చు కాబట్టి అందరూ ముందు ఇదే కొంటారు. దాని మీద పడుగు చుట్టూ తిరిగి కట్టేసి ఉంటుంది, పేరుకున్న పురి పోవడానికి దారి లేదు. నాలుగుసార్లు ముందుకు, నాలుగుసార్లు వెనక్కి తిప్పే డిజైన్లకు బాగానే ఉంటుంది, ఎందుకంటే వెనక్కి తిప్పినప్పుడు పురి తనంతట తనే విడుతుంది. ఒకే వైపు తిప్పే డిజైన్లకు నరకం.

నడుము పద్ధతిలో పడుగు ఒక చివర కిటికీ చువ్వకో తలుపు గొళ్ళేనికో కట్టి, రెండో చివర మీ బెల్టుకు కట్టుకుంటారు. బిగువు కావాలంటే వెనక్కి వాలడం, సందు తెరవాలంటే కాస్త ముందుకు వంగడం. అవతలి ముడి విప్పి దువ్వెనతో పోగులు దువ్వితే పురి అంతా పోతుంది. పైసా ఖర్చు లేదు. ఫోన్ మోగితే లేచి వెళ్ళలేకపోవడం ఒకటే బాధ. ఆ బాధ పడలేనివాళ్ళు టేబుల్‌కు రెండు చివర్లా రెండు సీ-క్లాంపులు బిగించి, వాటి మధ్య పడుగు లాగి కట్టుకోవచ్చు.

నా ఓటు నడుము పద్ధతికే. బిగువు ఎంత ఉండాలో ఒంటికి తెలుస్తుంది, అది తెలిశాక ఏ మగ్గం మీదైనా నేయగలరు. మధ్యలో ఆపాల్సి వస్తే పలకలన్నిటికీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసి వదలండి. విడిగా వదిలిన పలకలు పిల్లల చేతికి చిక్కితే ఆ పడుగు మీద ఆశ వదులుకోవడమే.

నూలు: ఇక్కడే డబ్బు పెట్టండి

మెత్తటి అల్లిక ఉన్ని చవగ్గా, రంగురంగులుగా దొరుకుతుంది, కొత్తవాళ్ళు దాని మీదే పడతారు. అల్లిక ఉన్నికి సాగే గుణం, నూగు రెండూ ఎక్కువ. పలక తిరిగిన ప్రతిసారీ పోగులు ఒకదాన్నొకటి రాసుకుని నూగు లేస్తుంది, సందు తెరుచుకోదు, చివరికి పట్టీ పరుపు అంచులా లావుగా వస్తుంది. ఉన్నితోనే నేయాలంటే గట్టిగా పురిపెట్టిన, రెండు పోగులు కలిపిన సన్నటి నేత ఉన్ని తెప్పించుకోవాలి. అది యూరప్‌లో ఉన్నవాళ్ళకు తేలిక, ఇక్కడ కష్టం.

నేర్చుకోవడానికి మెర్సరైజ్డ్ కాటన్ అంత మంచిది లేదు. క్రోషే దారంగా ఫ్యాన్సీ షాపుల్లోనూ దొరుకుతుంది. నున్నగా జారుతుంది, తెగదు, తప్పు ఎక్కడ జరిగిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఇరవై పలకలకు 80 పోగులు, ఒక్కోటి రెండున్నర మీటర్లు అనుకుంటే 200 మీటర్ల దారం. మొదట్లో, చివర్లో వృథా అయ్యేది, నేతలో కుదించుకుపోయేది తీసేసినా మెడకూ చేతులకూ సరిపోయే పట్టీ వస్తుంది. రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ వెడల్పు.

చెయ్యి కుదిరాక పట్టులోకి దూకండి. ఇందులో మనవాళ్ళకు యూరప్ వాళ్ళకు లేని సౌకర్యం ఉంది. ధర్మవరం, పోచంపల్లి, గద్వాల వైపు నేతగాళ్ళకు పట్టు నూలు అమ్మే దుకాణాల్లో రంగు వేసిన పట్టు లడీల లెక్కన దొరుకుతుంది. తెలిసిన నేత కుటుంబం ఉంటే పడుగు చివర మిగిలిన పోగులు ఊరికే ఇస్తారు. పడుగు పట్టు అని ప్రత్యేకంగా అడగండి. దానికి పురి ఎక్కువ ఉంటుంది. పేకకు వాడే మెత్తటి పట్టు పలక చిల్లుల రాపిడికి రేగిపోతుంది. మరీ సన్నం అనిపిస్తే రెండు మూడు పోగులు కలిపి ఒకటిగా ఎక్కించండి. అవే ఇరవై పలకలు పట్టుతో నేస్తే పట్టీ సెంటీమీటరు లోపు వెడల్పుకు దిగుతుంది, బిర్కా పట్టీల పక్కన పెట్టగలిగే వెడల్పు. స్టాక్‌హోమ్‌లో ఉండి లావు ఉన్నితో కుస్తీ పడేవాళ్ళ కంటే ధర్మవరంలో పట్టుతో నేసేవాళ్ళు అసలుకు దగ్గరగా ఉంటారన్నది నాకు భలే ఇష్టమైన సంగతి.

డిజైన్లు, రంగులు

మొదటి పట్టీకి పోగులు ఎక్కించడంలోనే డిజైన్ వచ్చే రకం తీసుకోండి: ఏ చిల్లులో ఏ రంగో ముందే పెట్టేసి, అన్ని పలకలూ కలిపి తిప్పడం. బాణం గుర్తులు, వజ్రాలు, ఏటవాలు గీతలు ఇలాగే వస్తాయి. ప్రతి పలక పడుగుకు ఎడమవైపు వాలుతుందా కుడివైపా అన్నది బొమ్మలో ఇచ్చినట్టే ఉండాలి. ఒక్క పలక తిరగబడినా ఆ వరస గీత రంపపు పళ్ళలా విరుగుతుంది. ఒక్కో పలకనూ విడిగా తిప్పే డిజైన్లు ఆ తర్వాత. అన్నిటికంటే చివర్న, సాదా నేత మీద అదనపు పేకగా వెండి తీగ నడిపి బొమ్మ తేల్చే బిర్కా పద్ధతి. పద్ధతి వినడానికి కష్టంగా ఉన్నా మన జరీ పని తెలిసినవాళ్ళకు ఆ తర్కం కొత్తగా ఉండదు.

రామ్స్ హార్న్ అనే పొట్టేలు కొమ్ముల డిజైన్ వైకింగ్ సంతల్లో ప్రతి మూడో అంగీ మీద కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, నేయడమూ సరదాయే, కానీ వైకింగుల తవ్వకాల్లో దొరికిన నమూనా కాదు. పట్టుగా ఉండే బృందాల్లోకి వెళ్ళేవాళ్ళు దాన్ని ఇంటికే పరిమితం చేసుకోండి.

స్వస్తిక్ గుర్తు విషయంలో మాత్రం జాగ్రత్త. ఊసెబర్గ్ గుడ్డల్లో అది ఉంది, మనకైతే గడప మీద వేసుకునే శుభచిహ్నం, పట్టీ మీద తేలిగ్గా వచ్చే ఆకారం కూడా. జర్మనీలో నాజీల గుర్తులు బహిరంగంగా ప్రదర్శించడం నేరం, మిగతా యూరప్‌లోనూ దాన్ని చూసినవాళ్ళకు ముందు గుర్తొచ్చేది నాజీలే. వివరించి ఒప్పించే అవకాశం కోసం చూడకుండా వేరే డిజైన్ ఎంచుకోండి.

రంగుల్లో టీవీ సీరియళ్ళు నేర్పిన నలుపు, ముదురు గోధుమ, తోలు మరిచిపోండి. వాళ్ళకు మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళతో ఎరుపు, వోడ్ ఆకుతో నీలం, వెల్డ్ మొక్కతో పసుపు తెలుసు. వోడ్‌లో ఉన్న రంగు పదార్థం, మన నీలిమందులో ఉన్నది ఒకటే, కాబట్టి నీలిమందుతో అద్దిన నూలు ఏ బృందంలోనూ తప్పుపట్టరు. పట్టీకి ఎరుపు, పసుపు, నీలం కలిపితే మన కళ్ళకు కాస్త గాఢంగా అనిపించొచ్చు. అలాగే ఉండనివ్వండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

మొదటి పట్టీకి వీడియో చాలు, కానీ చేతి వేగంతో నడిచేది చూడండి, కట్ చేసి అతికించినవి వద్దు. పలకలు తిరగడం కళ్ళారా చూస్తేనే సందు అర్థమవుతుంది. రెండో పట్టీకి సంతకు వెళ్ళండి. నేసేవాళ్ళ పక్కన ఐదు నిమిషాలు కూర్చుంటే చాలామంది పలకలు మీ చేతికే ఇచ్చేస్తారు. అంచులు ఎందుకు వంకరగా వస్తున్నాయో వీడియో చెప్పదు, వాళ్ళు చూసిన వెంటనే చెబుతారు: పేక దాటించాక చిన్న ఉంగరంలా వదిలి, తర్వాతి పావు చుట్టు కొట్టాకే లాగాలని.

చివరగా కుట్టే ముందు చేయాల్సిన పని. లినెన్ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, పట్టీ అంతగా కుదించుకోదు. గుడ్డను కోయకముందే గోరువెచ్చని నీళ్ళలో ఉతికి ఆరేయండి. పట్టీని విడిగా తడిపి, నీడలో బల్లపరుపుగా ఆరబెట్టి, ఆ తర్వాతే కొలిచి కుట్టండి. చేతి అంచుకు కుట్టేటప్పుడు పట్టీని లాగి పట్టుకోకండి, లాగితే అంచు ముడతలు పడుతుంది.